వేక్ సర్ఫింగ్: గాయాల ముప్పు, భద్రతా పద్ధతులు

నడుస్తున్న మోటారు బోటు వెనక లేచే అలను ఆసరా చేసుకుని, తాడు పట్టు వదిలేసి, చిన్న పలక మీద నిలబడి సాగే జలక్రీడ వేక్ సర్ఫింగ్. సముద్రపు కెరటాలతో పనిలేని సర్ఫింగ్ ఇది. సరస్సులు, జలాశయాలు, నిదానంగా పారే వెడల్పాటి నదులు దీనికి వేదికలు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో గత రెండు దశాబ్దాలుగా బాగా వ్యాపించింది. బోటు వేగం తక్కువ, పడితే కింద నీళ్లే. అందుకే పిల్లల నుంచి అరవై దాటినవారి దాకా కుటుంబాలుగా ఆడుతుంటారు. అయితే బోటుకు ఇంత దగ్గరగా ఆడే జలక్రీడ మరొకటి అరుదు. ఇందులో చిన్న గాయాలు చాలావరకు పడటం వల్ల తగులుతాయి. ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదాలు ఎక్కువగా బోటు వల్ల జరుగుతాయి. ఈ తేడా తెలియడమే భద్రతకు మొదటి మెట్టు.

ఆట జరిగే తీరు

సర్ఫర్ ముందుగా నీళ్లలో వెల్లకిలా తేలుతూ, మడమలు పలక అంచున ఆనించి, ఇరవై పాతిక అడుగుల తాడు పట్టుకుంటారు. బోటు మెల్లగా కదలగానే నీటి ఒత్తిడికి పలక పైకి లేచి పాదాలకు ఆనుకుంటుంది. మోకాళ్లు వంచి, చేతులు చాచి ఉంచితే తాడును లాగాల్సిన అవసరం లేకుండానే మనిషి నిలబడతారు. అల నెట్టే బలం అందేసరికి తాడు సడలుతుంది. అప్పుడు దాన్ని బోటులోకి విసిరేసి అల మీదే సాగుతారు. బోటు వేగం గంటకు సుమారు 15 నుంచి 19 కిలోమీటర్లు. తాడు పట్టు వదలకుండా ఆడే వేక్‌బోర్డింగ్‌లో ఇది 30 దాటుతుంది. పోటీల స్థాయి స్లాలం వాటర్ స్కీయింగ్‌లో పురుషులకు 58 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఇంత తక్కువ వేగంలో మనిషిని మోయగల అల లేవాలంటే బోటు నీళ్లలోకి బాగా దిగి, చాలా నీటిని పక్కకు తోయాలి. అందుకే బోటు అడుగున ఉన్న తొట్లలోకి నీళ్లు తోడి బరువు పెంచుతారు. దీన్నే బ్యాలస్ట్ అంటారు. పెద్ద వేక్ బోట్లలో ఈ బరువు రెండు టన్నులు దాటుతుంది. ఒకప్పుడు మంచి అల కోసం బరువంతా ఒకే పక్కకు చేర్చి, బోటును వాల్చి నడిపేవారు. 2012లో మాలిబు సంస్థ తెచ్చిన సర్ఫ్ గేట్, ఆ తర్వాత ఇతర సంస్థలు తెచ్చిన అటువంటి పలకల అమరికలు నీటి ప్రవాహాన్నే మళ్లించి, బోటు నిటారుగా ఉండగానే కోరిన వైపు అలను తీర్చిదిద్దుతున్నాయి.

తక్కువ వేగం, తక్కువ దూరం

వేగం తక్కువ కనుక ప్రమాదం తక్కువన్న మాటలో సగమే నిజం ఉంది. పడిన దెబ్బ తీవ్రత వేగాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, వేక్‌బోర్డింగ్‌లో ఎత్తుకు ఎగిరి పడేవారికి తగిలే దెబ్బలతో పోలిస్తే ఇక్కడి దెబ్బలు సాధారణంగా తేలిక. కాని వాటర్ స్కీయింగ్‌లో ప్రామాణిక తాడు పొడవు 75 అడుగులు. ఆ దూరం స్కీయర్‌ను బోటు నుంచి, దాని పొగ నుంచి, దాని ప్రొపెల్లర్ నుంచి దూరంగా ఉంచుతుంది. వేక్ సర్ఫింగ్‌లో ఆ ఎడం లేదు. సర్ఫర్ బోటు వెనక అంచుకు పదడుగుల దూరంలో, ఒక్కోసారి అంతకన్నా దగ్గరగా ఉంటారు. అంటే ఇంజన్ వదిలే పొగకు, బోటు వెనక అరుగులా ఉండే స్విమ్ ప్లాట్‌ఫాం అంచుకు, నీటి కింద తిరిగే రెక్కలకు చేరువలో ఉంటారన్నమాట. కాబట్టి సర్ఫర్ నైపుణ్యం కన్నా బోటు రకం, నడిపేవారి జాగ్రత్త ప్రాణ రక్షణలో ఎక్కువ పాత్ర వహిస్తాయి.

ప్రొపెల్లర్ ముప్పు

వేక్ సర్ఫింగ్‌కు తగిన బోటు ఇన్‌బోర్డ్ రకానిది. వాటిలోనూ వీ-డ్రైవ్ అమరిక ఉన్నవే ఎక్కువ వాడకంలో ఉన్నాయి. వీటిలో ఇంజన్ బోటు వెనక భాగంలో ఉంటుంది. దాని శక్తి ముందువైపున్న గేరు పెట్టెకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి తిరిగి ప్రొపెల్లర్‌కు చేరుతుంది. ప్రొపెల్లర్ బోటు అడుగున, వెనక అంచుకు కొన్ని అడుగుల ముందు తిరుగుతుంది. సర్ఫర్ ముందుకు పడినా వారికీ రెక్కలకూ మధ్య బోటు అడుగుభాగం అడ్డుగా ఉంటుంది.

ఔట్‌బోర్డ్, మామూలు స్టెర్న్‌డ్రైవ్ బోట్లలో పరిస్థితి వేరు. వాటి ప్రొపెల్లర్ బోటు వెనక అంచు దాటి బయటికి ఉంటుంది. ఆ బోట్ల వెనక వేక్ సర్ఫింగ్ చేయడం అంటే తిరిగే రెక్కలకు కొద్ది అడుగుల దూరంలో పడేందుకు సిద్ధపడటమే. ఎంత అనుభవం ఉన్నా, ఎంత నెమ్మదిగా నడిపినా ఇది చేయకూడదు. ఈ ఆటలో మినహాయింపులేని నియమం ఏదైనా ఉందంటే అది ఇదే. 2015లో వోల్వో పెంటా తెచ్చిన ఫార్వర్డ్ డ్రైవ్‌లో ప్రొపెల్లర్లు ముందువైపుకు తిరిగి, బోటు అడుగు కిందికి జరిగి ఉంటాయి. ఆ రకం బోట్లను సర్ఫింగ్‌కు వాడుతున్నారు. జెట్ బోట్లకు బయటికి కనిపించే ప్రొపెల్లర్ లేకపోయినా, నీటిని లోపలికి పీల్చే ద్వారం తాడును, పొడవాటి జుట్టును లాక్కోగలదు. వెనక నుంచి చిమ్మే నీటి ధార కూడా గాయపరచగలదు.

వీ-డ్రైవ్ బోటు ఉందన్న ధీమా కూడా పనికిరాదు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా గేరు పడి ఉంటే ప్రొపెల్లర్ నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది. సర్ఫర్‌ను ఎక్కించుకునే వేళ, నీళ్లలో దిగే వేళ, పిల్లలు ప్లాట్‌ఫాం మీద ఆడుకునే వేళ ముప్పు ఎక్కువ. న్యూట్రల్‌లో పెట్టడం చాలదు. ఎవరి మోచేయో తగిలి గేరు పడవచ్చు. ఇంజన్ పూర్తిగా ఆపిన తర్వాతే ఎవరైనా ప్లాట్‌ఫాం దగ్గరికి రావాలి. నీళ్లలో ఉన్న మనిషి వైపు బోటును ఎన్నడూ రివర్స్ చేయకూడదు.

కార్బన్ మోనాక్సైడ్

పెట్రోలు ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. దాంతో ఊపిరి ఆడుతున్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం తొలి లక్షణాలు. ఎండదెబ్బకూ, పడవ కుదుపుకూ ఇవే లక్షణాలు కనిపించడం వల్ల చాలామంది గుర్తించరు. నేల మీద స్పృహ తప్పితే కింద పడతారు. నీళ్లలో స్పృహ తప్పితే మునిగిపోతారు. అందువల్ల ఈ విషం వల్ల జరిగిన కొన్ని మరణాలు మామూలు మునకలుగా లెక్కలోకి ఎక్కే ప్రమాదం ఉంది.

బోటు ముందుకు సాగుతున్నప్పుడు దాని వెనక గాలి పీడనం తగ్గుతుంది. పొగ దూరంగా చెదిరిపోకుండా వెనక భాగంలోనే సుడులు తిరిగి, ఒక్కోసారి బోటులోపలికీ వస్తుంది. బ్యాలస్ట్ బరువుతో వెనక భాగం కిందికి దిగి నెమ్మదిగా నడిచే సర్ఫ్ బోటులో ఇది మరింత ఎక్కువ. వెనక సీటులో బోటు అంచుకు ఒరిగి సర్ఫర్‌ను చూస్తూ కూర్చునే పిల్లలు సర్ఫర్ కన్నా ఎక్కువ సేపు ఈ పొగ పీలుస్తారు. గాలి వెనక నుంచి వీచే రోజున జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఈ ముప్పు లోకానికి గట్టిగా తెలిసింది అమెరికాలో యూటా, ఆరిజోనా రాష్ట్రాల సరిహద్దులోని లేక్ పావెల్‌లో. 2000 ఆగస్టులో అక్కడ ఒక హౌస్‌బోటు వెనక ప్లాట్‌ఫాం కింద ఈత కొడుతూ, జనరేటర్ పొగ చేరిన ఖాళీలోకి వెళ్లి, ఎనిమిది, పదకొండేళ్ల అన్నదమ్ములు మరణించారు. తర్వాత ప్రభుత్వ సంస్థలు జరిపిన పరిశోధనలో బోట్ల వెనక ఈ వాయువు ప్రాణాంతక స్థాయిలో పోగుపడుతోందని తేలింది. కదిలే బోటు ప్లాట్‌ఫాంను పట్టుకుని వేలాడుతూ అల మీద జారడం అప్పట్లో సరదాగా సాగేది. దాన్ని టీక్ సర్ఫింగ్ అనేవారు. కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి 2005 నుంచి దాన్ని నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. పేరు దగ్గరగా ఉన్నా వేక్ సర్ఫింగ్ వేరు, అది వేరు. అయినా వేక్ సర్ఫర్ ప్లాట్‌ఫాంను పట్టుకున్న క్షణంలో ఆ తేడా చెరిగిపోతుంది.

అమెరికాలో 2010 నుంచి అమల్లోకి వచ్చిన ఉద్గార ప్రమాణాల వల్ల కొత్త ఇన్‌బోర్డ్ ఇంజన్లకు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. వాటితో కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. చల్లని ఇంజన్‌లో కన్వర్టర్ సరిగా పనిచేయదు. అంతకుముందు తయారైన బోట్లు నేటికీ సరస్సుల్లో తిరుగుతున్నాయి. బోటులో ఈ వాయువును పసిగట్టే పరికరం అమర్చడం, ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఆపేయడం, వెనక సీటులో పిల్లలను ఎక్కువసేపు కూర్చోబెట్టకపోవడం తప్పనిసరి జాగ్రత్తలు.

పడినప్పుడు తగిలే గాయాలు

వేక్‌బోర్డులో పాదాలు పలకకు బిగించి ఉంటాయి. పడేటప్పుడు కాలు మెలితిరిగితే మోకాలి లిగమెంట్లు తెగుతాయి. వేక్ సర్ఫింగ్‌లో పాదాలు స్వేచ్ఛగా ఉంటాయి కనుక ఆ ముప్పు తక్కువ. బదులుగా మరో ముప్పు ఉంది. మనిషి పడిన చోటే పలక కూడా అదుపు లేకుండా ఎగిరి పడుతుంది. నురగ పదార్థం మీద ఫైబర్ గ్లాసు తొడిగిన ఆ పలక అంచు, దాని అడుగున ఉండే ఫిన్లు (చిన్న రెక్కలు) కనుబొమను, గడ్డాన్ని, పెదవిని, పళ్లను గాయపరుస్తాయి. కుట్లు పడే గాయాల్లో పలక దెబ్బలే ఎక్కువగా వినిపిస్తాయి.

తల నీటికి బలంగా కొట్టుకున్నా, పలకకు తగిలినా మెదడు అదురు దెబ్బ తగలవచ్చు. 2001 నుంచి 2003 మధ్య అమెరికా అత్యవసర విభాగాలకు వచ్చిన కేసులను పోల్చిన ఒక అధ్యయనంలో, వాటర్ స్కీయర్ల కన్నా వేక్‌బోర్డర్లలో తల గాయాల వాటా ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. వేక్ సర్ఫింగ్‌లో వేగం అంతకన్నా తక్కువే అయినా, పలక దగ్గరే ఉండటం, ప్లాట్‌ఫాం చేరువలో ఉండటం వల్ల తలను కాపాడుకోవడం ఇక్కడా ముఖ్యమే.

చెవి గాయాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. చెంప నీటికి చరచుకున్నప్పుడు ఆ ఒత్తిడికి కర్ణభేరికి చిల్లు పడవచ్చు. చల్లని నీరు మధ్య చెవిలోకి చేరితే ఒక్కసారిగా కళ్లు తిరుగుతాయి. పైకి ఏది, కిందికి ఏది అన్నది తెలియని ఆ స్థితిలో ఎంత ఈతగాడైనా నిస్సహాయుడే. లైఫ్ జాకెట్ ఉంటే అది తల పైకి తేలేలా పట్టి ఉంచుతుంది.

లేచే ప్రయత్నంలో తాడుతో పెనుగులాడితే భుజాలు, నడుము పట్టేస్తాయి. పాదం పలక మీద అడ్డదిడ్డంగా దిగితే చీలమండ బెణుకుతుంది. లోతు తక్కువ చోట పడితే పాదాలు, మెడ నేలకు తగులుతాయి. వేగంగా కూలబడినప్పుడు నీరు శరీర రంధ్రాల్లోకి బలంగా చొచ్చుకుపోయి లోపలి గాయాలు చేయడం అరుదే అయినా తీవ్రమైనది. నియోప్రీన్ షార్ట్స్ దీన్ని చాలావరకు నివారిస్తాయి.

పడటం నేర్చుకోవడం నిలబడటం నేర్చుకున్నంత అవసరం. పట్టు తప్పుతోందని తెలియగానే బోటు వైపు కాకుండా అల వెనకవైపుకు, వెల్లకిలాగానో పక్కకో పడాలి. తల ముందుకు పెట్టి ఎప్పుడూ దూకకూడదు. పడిన వెంటనే రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని పైకి తేలాలి, పలక ఎక్కడుందో చూసుకున్నాకే చేతులు దించాలి. పలక మీది నుంచి నేరుగా ప్లాట్‌ఫాం మీదికి అడుగు వేసే విన్యాసం వీడియోల్లో అందంగా కనిపిస్తుంది. ఆ అడుగు తప్పితే మోకాళ్లు, పక్కటెముకలు, దవడ ఏదైనా విరగవచ్చు.

పలక కింద కడ్డీ, దానికి రెక్కలు బిగించి నీటిపైన తేలుతూ సాగే ఫాయిలింగ్ ఈమధ్య పెరిగింది. లోహం, కార్బన్ ఫైబర్‌తో చేసిన ఆ రెక్కల అంచులు పదునుగా ఉంటాయి. ఫాయిల్ వాడేవారికి హెల్మెట్, మందపాటి జాకెట్, మరింత లోతైన నీరు, బోటు నుంచి మరింత ఎడం కావాలి.

తాడు

వేక్ సర్ఫింగ్ తాడు మామూలు స్కీ తాడు కన్నా పొట్టిది, లావుది. పట్టుకోవడానికి ముడులు, గట్టి పిడి ఉంటాయి. చేయి దూరేంత ఉచ్చు ఉండకూడదు. స్కీయింగ్ పిడి వాడితే దాని త్రికోణపు సందులో చేయి, మెడ చిక్కుకునే ప్రమాదం ఉంది. సర్ఫర్ బోటుకు దగ్గరగా ఉంటారు కనుక తాడు సడలి నీళ్లలో ఉచ్చులు పడుతుంది. దాన్ని మణికట్టుకు చుట్టుకోవడం, మెడ చుట్టూ వేసుకోవడం వేళ్లు తెగడానికీ ఊపిరాడకపోవడానికీ దారితీస్తుంది. వదిలేసిన తాడును బోటులో ఉన్నవారు వెంటనే లోపలికి లాగి చుట్టిపెట్టాలి. నీళ్లలో వేలాడే తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే బోటు నడినీళ్లలో నిలిచిపోతుంది.

బోటులో ఉన్నవారికి ముప్పు

సర్ఫింగ్ భద్రత అనగానే పలక మీది మనిషే గుర్తుకొస్తారు. బోటులో కూర్చున్నవారికీ ముప్పు ఉంది. టన్నుల కొద్దీ నీటి బరువుతో అంచులు నీటికి దగ్గరగా దిగిన బోటు తాను లేపిన అలలోకే తిరిగి వెళ్లినప్పుడు, ముందు భాగం అలలో దూరి నీళ్లు ఒక్కసారిగా లోపలికి పొంగుతాయి. ముందు తెరిచి ఉండే సీట్లలో కూర్చున్నవారు ఆ ఊపుకు కొట్టుకుపోగలరు.

2014లో జార్జియా రాష్ట్రంలోని లేక్ బర్టన్‌లో ఇటువంటి దుర్ఘటన జరిగింది. విహారానికి వెళ్లిన బోటు ముందు భాగంలోకి నీళ్లు పొంగి, అక్కడ కూర్చున్న ఏడేళ్ల బాలుడు నీళ్లలో పడి ప్రొపెల్లర్ గాయాలతో మరణించాడు. బోటు తయారీ సంస్థ ఇచ్చిన హెచ్చరికలు చాల్లేదన్న వాదనపై 2021లో జ్యూరీ 20 కోట్ల డాలర్ల పరిహారానికి తీర్పు ఇచ్చింది. 2023లో 10 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. బోటు ముందు సీట్ల పరిమితి, బరువు పరిమితి గురించి తయారీదారులూ వాడకందారులూ మరింత శ్రద్ధ పెట్టాలన్న చర్చకు ఈ కేసు ఊతమిచ్చింది.

బోటుకు బిగించిన సామర్థ్యపు పలకలో ఎంతమంది, ఎంత బరువు అన్నది రాసి ఉంటుంది. బ్యాలస్ట్ నిండినప్పుడు ఎంతమంది ఎక్కవచ్చో యజమాని పుస్తకంలో చూసుకోవాలి. అదనపు బరువు కోసం ఇసుక మూటలు, నీటి సంచులు వేసే ముందు ఆ లెక్క చూడాలి. సర్ఫింగ్ పూర్తికాగానే బ్యాలస్ట్ ఖాళీ చేసి తిరుగు ప్రయాణం కట్టాలి.

నీటి ముప్పులు

అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో ఆ దేశంలో వినోద బోటింగ్ ప్రమాదాల్లో 564 మంది మరణించారు. మరణ కారణం తెలిసిన కేసుల్లో నాలుగింట మూడు వంతుల మంది నీట మునిగి చనిపోయారు. జాకెట్ వివరాలు తెలిసిన మునక మరణాల్లో 87 శాతం మంది లైఫ్ జాకెట్ ధరించలేదు. ప్రాణనష్టం జరిగిన ప్రమాదాలకు తెలిసిన కారణాల్లో మద్యానిదే మొదటి స్థానం.

చల్లని నీళ్లు మరో ముప్పు. 15 డిగ్రీల సెల్సియస్‌కన్నా చల్లని నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి ఎగబీలుస్తుంది; ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కెనడా శాస్త్రవేత్త గార్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 సూత్రం దీన్ని సులువుగా చెబుతుంది: మొదటి ఒక్క నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి, తర్వాత పది నిమిషాలు చేతులు కాళ్లు పనిచేస్తాయి, ఒంటి వేడి తగ్గి స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. కాలానికి తగిన వెట్‌సూట్ వేసుకోవాలి.

వేసవిలో వేడెక్కిన మంచినీటి సరస్సుల్లో నెగ్లేరియా ఫౌలరీ అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. ఇది చాలా అరుదు, కాని సోకినవారిలో బతికేవారు బహు కొద్దిమంది. ముక్కుకు క్లిప్ పెట్టుకోవడం తేలికైన రక్షణ. నీలి ఆకుపచ్చ నాచు తెట్టు కట్టిన నీళ్లలోకి అసలు దిగకూడదు. ఉరుము వినిపిస్తే ఒడ్డుకు చేరి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

ధరించవలసినవి

లైఫ్ జాకెట్ ఎంపికలో ఒక మెలిక ఉంది. పోటీదారులు వాడే పలచటి కాంప్ వెస్టులు చూడటానికి జాకెట్ల లాగే ఉంటాయి. దెబ్బ తగలకుండా కొంత కాపాడతాయి, కాని వాటికి కోస్ట్ గార్డ్ ఆమోదం లేదు, చాలినంత తేలించవు. స్పృహ తప్పిన మనిషిని అవి నీటిపైన ఉంచలేవు. నేర్చుకునేవారు, పిల్లలు, ఈత రానివారు ఆమోద ముద్ర ఉన్న, ఒంటికి సరిగ్గా సరిపోయే జాకెట్‌నే ధరించాలి. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు.

హెల్మెట్ వేక్ సర్ఫింగ్‌లో అందరూ వాడరు. కొత్తవారికి, విన్యాసాలు చేసేవారికి, ఫాయిలింగ్ చేసేవారికి అది మేలు. జలక్రీడల కోసం చేసినదే, తలకు బిగుతుగా పట్టేదే కావాలి. వదులుగా ఉంటే పడినప్పుడు లోపలికి నీళ్లు చేరి మెడను వెనక్కి లాగుతుంది. హెల్మెట్ కోతలను, ఎముక దెబ్బలను తగ్గిస్తుంది. మెదడు అదురును పూర్తిగా ఆపలేదు.

నడిపేవారు, గమనించేవారు

ఈ ఆటలో సర్ఫర్ ప్రాణం బోటు నడిపేవారి చేతిలో ఉంటుంది. నడిపేవారు ముందుకు చూడాలి. వెనక్కి చూసే పని మరొకరిది. ఆ గమనించే మనిషిని స్పాటర్ అంటారు. సర్ఫర్ పడగానే చెప్పడం, సైగలను అందించడం, జెండా ఎత్తడం స్పాటర్ పని. కాలిఫోర్నియాలో స్పాటర్‌కు కనీసం 12 ఏళ్లు ఉండాలి. మనిషి నీళ్లలో ఉన్నంతసేపూ ఎరుపు లేదా నారింజ రంగు జెండా ఎత్తి చూపాలి.

నీళ్లలో దిగేముందే సైగలు అందరూ ఒప్పుకోవాలి. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని. నెత్తి మీద తట్టుకుంటే బోటులోకి తిరిగి వస్తానని. గొంతు దగ్గర చేయి అడ్డంగా తిప్పితే వెంటనే ఆపమని. పడిన తర్వాత చేయెత్తి చూపితే క్షేమమని. ఆ సైగ రాకపోతే దెబ్బ తగిలిందనే భావించి అప్రమత్తం కావాలి.

సర్ఫర్ పడినప్పుడు ఒక్కసారిగా గిరుక్కున తిరగడం చాలామంది చేసే తప్పు. దానివల్ల పెద్ద అలలు రెండు కలిసి లేచి బోటు ముందు భాగాన్ని ముంచవచ్చు, నీళ్లలోని మనిషిని ఉక్కిరిబిక్కిరి చేయవచ్చు. ముందు వేగం తగ్గించి, అలలు సద్దుమణిగాక నెమ్మదిగా తిరిగి, సర్ఫర్ నడిపేవారి వైపున కనిపిస్తూ ఉండేలా చేరుకోవాలి. కొంచెం ఎడంగా ఆగి ఇంజన్ ఆపాలి. మిగతా దూరం సర్ఫర్ ఈదుకుంటూ రావాలి.

2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో 26 అడుగులకన్నా పొట్టి బోట్లను వేగంగా నడిపేటప్పుడు, ఇంజన్ ఆపే స్విచ్‌కు కలిపిన తాడును లేదా దానికి సమానమైన పరికరాన్ని నడిపేవారు ధరించడం చాలా సందర్భాల్లో తప్పనిసరి. నడిపేవారు నీళ్లలో పడితే ఇంజన్ ఆగిపోతుంది. అదుపులేని బోటు గుండ్రంగా తిరిగి వచ్చి పడినవారినే ఢీకొనే ప్రమాదం తప్పుతుంది.

ప్రథమ చికిత్స

తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మాట తడబడటం, మతిమరుపు, నిద్రమత్తు ఏది కనిపించినా ఆ రోజుకు ఆట ఆపించి వైద్యులకు చూపాలి. మెడ నొప్పి ఉంటే మెడ కదలకుండా పట్టి, నీళ్లలోనే తేలించి, సాయం అందేవరకు నిలకడగా ఉంచాలి. ప్రొపెల్లర్ గాయంలో రక్తస్రావం నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. గాయాన్ని గుడ్డతో గట్టిగా అదమాలి. చేయి, కాలు అయితే గాయానికి పైన టోర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించి, బిగించిన సమయం రాసిపెట్టాలి. అందుకే బోటు మందుల పెట్టెలో టోర్నికే ఉండాలి.

మునిగినవారికి గుండె ఆగితే ఛాతీ నొక్కడంతో సరిపెట్టకూడదు. ఆక్సిజన్ అందకే గుండె ఆగింది కనుక నోటితో ఊపిరి అందించడం తప్పనిసరి. కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉంటే ముందు స్వచ్ఛమైన గాలిలోకి చేర్చి, ఆక్సిజన్ ఇప్పించాలి. వేలికి తగిలించే మామూలు పల్స్ ఆక్సీమీటర్ ఈ విషాన్ని పట్టలేదు. హిమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనా, విషవాయువా అన్న తేడా దానికి తెలియదు. అంకె బాగుందని ఊరుకోకుండా ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయించాలి.

తీరం, లోతు, చట్టాలు

సర్ఫ్ బోటు లేపే అలల్లో శక్తి ఎక్కువ. ఒడ్డున ఆడుకునే పిల్లలను, చిన్న పడవల్లో ఉన్నవారిని, రేవులో కట్టిన బోట్లను అవి గాయపరచగలవు. అమెరికా జలక్రీడా పరిశ్రమ తీరం నుంచి 200 అడుగుల దూరం పాటించమని చెబుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు సెయింట్ ఆంథనీ ఫాల్స్ ప్రయోగశాల 2022లో వెలువరించిన అధ్యయనం, మామూలు బోటు 200 అడుగుల దూరంలో చూపే ప్రభావానికి సర్ఫ్ బోటు అల తగ్గాలంటే 500 అడుగులకు పైగా దూరం కావాలని తేల్చింది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2024లో తెచ్చిన నియమాల ప్రకారం తీరానికి కనీసం 500 అడుగుల దూరంలో, 20 అడుగుల లోతున్న, 50 ఎకరాలకు తగ్గని విస్తీర్ణంలోనే ఈ ఆట ఆడాలి. లోతు నియమం సరస్సు అడుగునూ, జలజీవాలనూ, పడే మనిషినీ ఒకేసారి కాపాడుతుంది.

తెలుగువారు గమనించవలసినవి

భారతదేశంలో వేక్ సర్ఫింగ్ ఇంకా అరుదు. కాని డల్లస్, అట్లాంటా వంటి నగరాల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లేనియర్ వంటి జలాశయాలు వారాంతపు విహార స్థలాలు. అక్కడ బోటును గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం తేలిక. అద్దెకు దొరికేది తరచుగా ఔట్‌బోర్డ్ లేదా స్టెర్న్‌డ్రైవ్ బోటు. దాని వెనక ట్యూబింగ్ (గాలి నింపిన ట్యూబు మీద కూర్చుని సాగడం) చేయవచ్చునేమో గాని వేక్ సర్ఫింగ్ చేయకూడదు. టెక్సస్‌లో 1993 సెప్టెంబర్ 1న లేదా ఆ తర్వాత పుట్టినవారు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటింగ్ విద్య పూర్తిచేసి ఉండాలి. జార్జియాలో 1998 జనవరి 1న లేదా ఆ తర్వాత పుట్టినవారికి ఇటువంటి నియమమే ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ కదిలే చిన్న బోట్లలో 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ ధరించి ఉండాలి. పిల్లలకు తొడిగి పెద్దలు వదిలేయడం మనలో కనిపించే అలవాటు. ఈత రాని పెద్దలకే అది ముందు అవసరం.

వేక్ సర్ఫింగ్ వద్దనవలసిన ఆట కాదు. సరైన బోటు, ఒంటికి పట్టే జాకెట్, మద్యం ముట్టని డ్రైవరు, కళ్లు తిప్పని స్పాటర్, మనుషులు దగ్గరికి రాకముందే ఆపిన ఇంజన్: ఈ అయిదూ ఉంటే ఇందులోని ప్రాణాపాయాలు చాలావరకు తప్పుతాయి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు పలకను నీళ్లలో దించకండి.